నలభై ఒక్క యూనిట్లు

నాలుగేళ్లుగా ఈ షెడ్డు గోడ మీది మీటరే నాకు తెలుసు.
అద్దం మీది దుమ్ము బొటనవేలితో తుడిచి
అంకె ఎక్కించుకుని, బిల్లు చించి,
తలుపు సందులో దోపి పక్కింటికి పోయేవాణ్ణి.
ఏకాంబరకుప్పంలో ఏ గోడకు చెవి ఆనించినా మగ్గాల చప్పుడే.
ఈ గోడ ఒక్కటే మాట్లాడదు,
వాసన వేస్తుంది.

కార్తీకంలో వాయుగుండం పట్టి
నగరి కొండ ముక్కు మబ్బులో మునిగిన రోజు
బండి మొరాయించింది.
బిల్లుల మిషను చొక్కా కింద దాచుకుని
మీటరు పక్కన ముడుచుకుంటే తలుపే తెరుచుకుంది.
"మీటరు యాడికీ పోదులే, లోపలికి రా సామీ"
అంది వళ్ళెమ్మ.

లోపల చింతమొద్దుల పొయ్యి.
దాని మీద పెళ్లి సాంబారు కాచేంత గుండిగ.
తేనెమైనం, ఆముదం, పిడికెడు గుగ్గిలం.
చెంగల్రాయుడు దాన్ని కంటితో చూడ్డం లేదు,
తల వంచి వింటున్నాడు
చిటపటలు ఆగాయా లేదా అని.
బల్ల మీద బిగించిన ముతక నూలుగుడ్డకు
కొబ్బరిపీచు కుంచెతో ఆయన పూస్తూ పోతే
వెనకే వళ్ళెమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టె నడిపిస్తుంది.
గుడ్డ తాటిబెల్లం రంగుకు తిరుగుతుంది.
"పోగులోకి దిగాల. పైపైన ఉండేది మడతలో రాలిపోతాది."

తామరాకు అంటాడేమో అనుకున్నా.
ఆయన బాతు అన్నాడు.
తోక కాడ ముక్కుతో పొడుచుకుని
ఆ జిడ్డు ఒళ్లంతా రాసుకుంటాది చూసినావా,
మా నాయన అది చూసే నేర్చుకున్నాడు,
కోసిన మళ్లల్లో బాతులు మేపేవోళ్ల కాడ.
నిజమో కాదో.
వాళ్ల నాయనా లేడు, ఆ బాతులూ లేవు.

ఒకప్పుడు మద్రాసు లారీలకు పట్టాలు ఇక్కణ్ణించేనంట,
బెల్లం బస్తాల మీదికి, శెనక్కాయల మీదికి.
తర్వాత నీలం ప్లాస్టిక్కు వచ్చింది.
అంతకు మించి చెప్పలేదు.
మిగతాది నెలనెలా రాసుకుపోయింది నేనే:
నూట ఎనభై, నూట పది, అరవై ఏడు.

మరి ఇప్పుడు ఎవరికి?
మూలన గుండ్రంగా కత్తిరించిన గుడ్డలు పదకొండు,
అంచున తాడు దోపినవి.
ఏ గంగాళాలకు మూతలో నాకు అర్థం కాలేదు.
"పలకలకు" అంది.
సత్రవాడ మేళం వాళ్లవంట.
సెగ చూపించి బిగించిన తోలు
నాలుగు చినుకులకే గొంతు జారిపోతుంది.
"చావు వానాకాలమని ఆగదు గదా సామీ.
పీనుగ తడిస్తే తడిసె. పలక తడిస్తే ఎట్ట?
చప్పుడు లేకుండా సాగనంపితే ఊరేమంటాది?"

పోయినేడు మా చిన్నాయన్ని వానలోనే ఎత్తాం.
కట్టెలు అంటుకోక కిరసనాయిలు పోశాం.
మా తమ్ముడి తిట్లు గుర్తున్నాయి,
జారిన చెప్పులు గుర్తున్నాయి.
పలకలు ఖంగుమని మోగాయి.
ఎట్లా మోగాయని
ఆ రోజు ఎవరమూ అడగలేదు.

"పట్టుకో" అని రెండు కొసలు నా చేతికిచ్చింది.
చెంబెడు నీళ్లు మధ్యలో పోసింది.
నీళ్లు నిలబడ్డాయి. వాటిలో షెడ్డు బల్బు
ఒకసారి వణికి సర్దుకుంది.
రెండు కొసలూ ఒక చేతిలోకి తీసుకుని
అరచెయ్యి కింద పెట్టి చూశా.
పొడి.
బరువు మాత్రం తెలిసింది.

మిషను కాగితం కక్కింది: నలభై ఒక్క యూనిట్లు.
వళ్ళెమ్మ దాన్ని వెలుగులో పెట్టి చూసుకుని
మైనం ముద్దతో రెండు వైపులా రుద్దింది.
"అంకె చెరిగిపోతే
ఆఫీసులో మళ్లా మమ్మల్నే అరుస్తారు."

వాన తెరిపిచ్చాక పక్కింటికి పోయి
అలవాటు కొద్దీ అద్దం తుడిచా.
నా బొటనవేలి ముద్ర అక్కడే ఉండిపోయింది,
గీతలతో సహా.
దాని వెనక అంకె మసకగా ఉంది.
రెండుసార్లు చదవాల్సొచ్చింది.