జానెడు

లెకాల్, బ్యాట్ కింద పెట్టు.
ఆ చేపల పెట్టె మీద కూర్చుని నీళ్లు తాగు.
తప్పు నీ చేతుల్లో లేదు.
మూడు వారాలుగా నీ మణికట్లని తిడుతున్నాను,
ముందు వాటికి క్షమాపణ చెప్పాలి.

ఇటు చూడు, మట్టిలోకి.
పొద్దున్నే ఈ చోటంతా నేనే చదును చేశాను,
ఒక్క గులకరాయి లేకుండా.
ఇది నీ వెనక కాలు, గుంజలా దిగింది, దాని జోలికి పోను.
ఇది ముందరి కాలు.
పిచ్చర్ వైపు వెళ్లవలసింది
మూడో బేస్ వైపు వెళ్లింది,
జానెడు.
నలభై బాళ్లకీ అదే జానెడు. కొలిచాను.
నా చిటికెనవేలు విరిగి వంకరగా అతుక్కుంది కాబట్టి
ఒక అంగుళం అటూ ఇటూ.

కాలు పక్కకి పోతే తుంటి తలుపు తీస్తుంది.
తుంటి తీశాక భుజం ఆగదు,
భుజం వెంట తల, తల వెంట కళ్లు.
బాల్ గుమ్మంలోకి వచ్చేసరికి
ఇంట్లో ఎవ్వరూ ఉండరు.
చేతులు రెండే మిగిలి గాలిని గోకుతుంటాయి.

అడుగంటే దూకుడు కాదురా.
చీకట్లో, పడుకున్న పసిబిడ్డని దాటి
మంచినీళ్ల కోసం వెళ్లే అడుగు అది.
బొటనవేలి కింది మెత్త ముందు తాకాలి,
బరువు ఇంకా వెనక తొడలోనే ఉండాలి.
కాలు ముందుకి, చేతులు వెనక్కి:
ఉండేలు లాగినట్టు,
పంగ అటు, తోలు ఇటు.
మడమ దిగిందా, అప్పుడు తిరుగు.
ముందు కాదు.
మయావ్ ఎంత నెమ్మదిగా విసిరినా ముందు కాదు.

(నేను వక్క నమలడం మానేశానని మీ అమ్మకి చెప్పాను.
ఇది నువ్వు చూడలేదు.)

నీ కాలి పక్కన ఇటుక పెట్టాను.
ఇటుకని తన్నావు.
రెండు పెట్టాను. గోరు లేచిపోయింది,
నువ్వు కిక్కురుమనలేదు.
అప్పుడే నాకు వెలగవలసింది:
బాల్‌కి భయపడే కాలైతే ఇటుకకీ భయపడును.
ఇది భయం కాదు. మరేమిటో తెలియలేదు.
ముప్ఫయ్యేళ్ల కోచ్‌ని, రాత్రి లేచి
వంటింట్లో నా కాలే పక్కకి వేసి చూసుకున్నాను,
మోకాలు కలుక్కుమంది.

మొన్న శనివారం చెంగ్‌గోంగ్ రేవుకి వచ్చాను,
ఎండుచేప కోసం.
ఈశాన్యపు గాలి, నీళ్లు సీసం రంగు.
మీ మేనమామ కచావ్ పడవ రేవు గోడ దాటుతోంది.
ముక్కు కొసన పలక మీద ఆయన, ఈటెతో.
వెనకాల నువ్వు, తాడు చుట్టతో.
మార్లిన్ తోక ఎక్కడో కనబడిందేమో,
ఆయన చెయ్యెత్తాడు, పడవ తిరిగింది,
అల అడ్డంగా వచ్చి కొట్టింది.
నీ ఎడమకాలు పక్కకి జరిగింది.
పడవ నిన్ను విసరలేకపోయింది.

ఎండుచేప కొనడం మరిచిపోయి ఇంటికెళ్లాను.

జానెడు పొట్ట కోసం నేర్చిన జానెడు అది.
చెరిపేయడానికి నేనెవర్ని?
బేస్‌బాల్ నిన్ను పదేళ్లు ఉంచుకుంటుందో, పదిహేనో,
నన్ను నాలుగే ఉంచుకుంది.
అల ఎవరి వయసూ అడగదు.

కాబట్టి ఇలా చేద్దాం.
పడవలో నీవి వట్టి కాళ్లు. ఇక్కడ మేకుల బూట్లు.
లేసు బిగించేటప్పుడు, రోజూ,
ఆ ఎడమకాలికి నెమ్మదిగా చెప్పు:
ఈ నేల కదలదు.
కదిలేది బాల్ ఒక్కటే.

లే. మయావ్, విసురు.

ఫౌల్.
పోనీ.
మళ్లీ ఫౌల్. భుజం చూసుకో.
ఇది ఖాళీ, ఫరవాలేదు, కాలు బాగా పడింది.
ఊఁ.
ఆ చప్పుడు విన్నావా?
కొబ్బరికాయ పగిలినట్టు కాదు, తలుపు గడియ పడినట్టు.
బాల్ సంగతి నాకెందుకు, మయావ్ వెతుక్కుంటాడు,
నేను మట్టి చూస్తున్నాను.
నాలుగు వేళ్లు తగ్గింది.

చాలు ఇవాళ్టికి.
సోమవారం హువాలియెన్ వాళ్లతో ఆట, నువ్వు ఐదోవాడివి.
శనివారం మాత్రం
కాలు పక్కకే వెయ్యి.

వెళ్తూ వెళ్తూ ఆ ఇటుకలు తీసి గోడవార పెట్టు,
ఇంకెవడి గోరో పోతుంది.