కనుబొమ్మ మీద పేరు

మనాగ్వాలో వినపడని పిల్లల బడి.
యోర్లెనీకి తొమ్మిదేళ్లు.
ఇన్నాళ్లూ ఇంట్లో ఆమె పేరు
భుజం మీద తట్టు,
దూరంగా ఉంటే నేల మీద కాలి దెబ్బ.
కుక్కకీ అదే.

మొదటిరోజు పిల్లలు చుట్టూ మూగి
సంతలో మామిడికాయలా
ఆమె మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.
ఎడమ కనుబొమ్మని చీల్చిన పాత గాటు దగ్గర
విల్మర్ చూపు ఆగింది.
తన కనుబొమ్మ మీద వేలితో
రెండుసార్లు గీశాడు.
భోజనాల వేళకి బడంతా అదే గీత.

కనపడకూడదని అమ్మ జుట్టు దించి దువ్వే చోటే!

సాయంత్రం రొట్టెలు కాలుస్తున్న అమ్మ ముందు
అదే గీసుకుంది, మళ్లీ మళ్లీ.
దురదేమోనని అమ్మ మందు రాసింది.

దీపం ఆర్పాక
దుప్పట్లో, ఎవరికీ కనపడని చేత్తో
తనని తానే పిలుచుకుంది.

పలికింది.