పర్యాటకుడు

వంతెన దాటి, అవతల ఓ కాఫీ తాగి
మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చాడు వెయికో.
మెకాంగ్‌కి రెండొడ్లా ఒకటే నీళ్ళు.
పాస్‌పోర్టులోనే ముద్ర మీద ముద్ర.

"మళ్ళీ ఏం చూడ్డానికి?"
అద్దం వెనక ఆఫీసరమ్మ పేజీలు తిప్పుతోంది.

ఏం చెప్తాడు?
బున్‌సీ వంటింటి కప్పు కారుతోందనీ,
నిచ్చెన గోడకి ఆనించే వచ్చాననీ,
వీధికుక్క తన చెప్పుల మీద తప్ప
పడుకోదనీ?

"గుడులు" అన్నాడు.

ఆమె నవ్వలేదు.
అతని గోళ్ళ సందున సిమెంటు చూసింది.
మిగిలిన కాస్త ఖాళీలో ముద్ర గుద్ది
"ముప్పై రోజులు.
ఈసారొస్తే గుడుల పేర్లడుగుతా" అంది.

బయట చినుకులు.
పర్యాటకుడు
సగం వేసిన రేకు గుర్తొచ్చి
పరుగందుకున్నాడు.