ఈగ పరీక్ష

బెయిర్న్స్‌డేల్ ఆసుపత్రి వెనక, ఒకప్పటి లాండ్రీ గదిలో
మంగళవారాలు నేను కాగితం చూసి చదువుతాను:
"మీ చెయ్యి బరువెక్కుతోంది."
పన్నెండు అంశాలు, ఒక్కోదానికి ఒక మార్కు.
ఎవరి మనసు ఎంత తొందరగా మాట వింటుందో
లెక్క రాయడం నా ఉద్యోగం.

చేరిన కొత్తలో నా మీదా చేయించుకున్నాను.
సున్నా.
మా అక్కకి చెబితే, "మొండిఘటానివి,
దానికి పరీక్షెందుకే" అంది.

కోర్మక్ టీగ్‌కి పదకొండు.
పాడి రైతు. అడవి తగలబడ్డ వేసవిలో
ఊరి దళంతో, గొట్టం పట్టుకుని, రోడ్డుకి అవతల.
గొడ్లు కంచెకి ఇవతల.
అంతకు మించి చెప్పడు.

ఏడో అంశం ఈగ.
"ఒక ఈగ మీ చుట్టూ ముసురుతోంది. తోలేయండి."
చాలామంది నవ్వుతారు. కొందరు చెయ్యి విసురుతారు.
కోర్మక్ విసరలేదు.
రెండు చేతులతో ముక్కు మూసుకున్నాడు.

నేనన్నది ఒక్క ఈగ.
అతనికి మంటలారిన మూడో రోజు
పొలం పొలమంతా వచ్చేసింది.

ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టాను.
ఒకటి దగ్గర అందరూ కళ్ళు తెరుస్తారు.
ఒకటి అయిపోయింది, అతనింకా అక్కడే.
కాగితం పక్కన పడేశాను.
"లాండ్రీ గది, కోర్మక్. బయట వాన.
నీ బూట్లు తడిసున్నాయి, చూడు."
చాలాసేపటికి
బూట్లు చూసుకున్నాడు.

మెత్తటి నేలలోనే అడుగు లోతుగా దిగుతుంది,
విత్తనమూ అక్కడే దిగుతుంది, అంటుంది డాక్టర్ ఓక్లీ.
నేల ముందే మెత్తనా, తొక్కాక మెత్తబడిందా
అనడిగితే ఆమెకీ తెలీదు.
వాళ్ళావిడ షెవాన్ మాత్రం
పెళ్ళికి ముందు నుంచీ ఇంతే అంది.
సినిమాలో వాన పడితే
హాల్లో కూర్చుని కాలరు పైకి లాక్కునేవాడట.

నవంబరులో డాక్టర్ అతన్ని మళ్ళీ లోపలికి పంపింది,
ఈసారి కంచె గేటు దాకా.
నేను మూల కూర్చుని గడియారం చూస్తున్నాను.
గొళ్ళెం కాలుతోందట.
చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, గుడ్డతో పట్టి, లాగాడు.
ఇనుము కిర్రుమంది.
సున్నా వచ్చిన నాకే వినపడింది.

"వస్తున్నాయా?"
"లేదు. నిలబడి నన్నే చూస్తున్నాయి."

డాక్టర్ లెక్క మొదలుపెట్టింది, ఇరవై...
"ఆగండి," అన్నాడు కళ్ళు తెరవకుండా,
చెయ్యి అలాగే చాపి.
"ఇంకాసేపు పట్టుకునుంటాను.
గాలికి మూసుకుపోతుంది."