చేతిగీత

మొదటి ఎండకాలం నలభై సీసాలు పగిలినై.
కట్టంగూరు తొవ్వల అద్దె రేకులషెడ్డు.
నడిరాత్రి ఒక్కొక్కటే పటాకుల లెక్క పేలుతుంటె
సోమలక్ష్మి సెల్లు లైటు వట్టుకొని ఉరికొచ్చి
"కల్లును బందువెడ్తివి,
అది నీ మాట ఇంటదా?" అని నవ్వింది.
లొట్టిల పొంగేదాన్ని మూతేసి ఆపొచ్చనుకున్న
ఇంజినీరింగు సదువు నాది.

లింగస్వామి మామ మాత్రం
పెంకులు ఏరి వాసన జూసి చెప్పిండు:
ఇది వాగొడ్డు పండుతాడుది,
ఇది దొంతులోళ్ల చెల్కది, జర వగరు,
ఇది మొన్న ఉరిమిన పొద్దున గీసింది.

ఏడేండ్లు.
పదకొండు మంది గీతగాళ్లు, ఒక పాత డీసీఎం.
ఏ రెండు సీసాలూ ఒక్క తీర్గ లేకపోయేది.
హైద్రాబాద్ హోటలాయన ఫోన్ల గరమైండు,
నిన్నటి రుచి ఇయ్యాల ఏదని.
నిన్నటి చెట్టు ఇయ్యాల లేదు సార్, అన్న.
గర్వంగనే అన్న.

తర్వాత పెద్ద బీర్ల కంపెనీ వచ్చింది.
సంతకం వెట్టింది నేనే.
ఎవ్వలు బలిమి జెయ్యలె.
అప్పులుండె, అది వేరే ముచ్చట.
కాదు, అదే ముచ్చట.

'ముస్తాదు' అన్న పేరు అమ్మిన.
మామ నడుముకున్న ముస్తాదు
అండ్ల వచ్చిందో లేదో కాగితంల రాయలె.

న్యాయం మాట్లాడాలె.
కంపెనీ అందరికి బీమా కట్టింది,
జారితె పట్టుకునే కొక్కెంతోటి కొత్త బెల్టు ఇచ్చింది.
మా పర్వతాలు నాలుగేండ్ల కింద
అది లేకనే గదా పడ్డది,
మన చెట్టు మన మోకు అనుకుంటనే.
ఆ యాది వస్తె నా నోరు లేవది.

కని లొట్లు పోయినై.
తాతలనాటి పులుపు అడుగున పట్టి
ఎంత కడిగినా తోడు లెక్క నిలిచే మట్టిలొట్లు
ట్రాక్టర్ల ఏసి గుంతల వోసిండ్రు.
స్టీలు క్యాన్లొచ్చినై.
చెట్లన్ని ఒక్క పీపాల కలుస్తున్నై.
పులుపు పాకిట్ల వస్తున్నది, పొడి.

సీస మీద మామ బొమ్మ. మీసం జర పెంచిండ్రు.
కింద 'చేతిగీత' అని రాసుంది.
సదివి వినిపిస్తె అరచెయ్యి తిప్పి చూసుకున్నడు.
మోకు ఒరిసి ఒరిసి అరిగిపోయి
ఆధార్ మిషను గుర్తువట్టని చెయ్యి.
"ఏ గీత రా?" అన్నడు.
గీసేది ఇప్పటికీ ఆయనే. అదే కత్తి.
నేనేం జెప్పాలె?

మొన్న మిర్యాలగూడల పెండ్లిల తాగిన.
మంచిగనే ఉంది.
అదే నన్ను తింటున్నది: మంచిగనే ఉంది,
నిన్నటి లెక్కనే, మొన్నటి లెక్కనే.

పాత సరుకుల ఒక్క సీస మిగిలింది.
గోనెల చుట్టి మంచం కింద వెట్టిన.
పిల్లలు తిరిగే ఇల్లని సోమలక్ష్మి తిడ్తది.
నిజమే.
అయినా తియ్యలె.
రాత్రి కరెంటు వోయి ఫ్యాను ఆగితె
చెవి అటే ఉంటది.