ఇరవై మూడు – ఇరవై నాలుగు

గుణుపూర్‌లో వంశధార ఒడ్డున
రెండు వెదురుగెడల మధ్య
పాత చేపలవలకి తెల్లటేపు కుట్టి కట్టిన కోర్టు.
మూడేళ్ళు రోజూ ఆ గుంటల్ని నేనే గెలిపించాను:
ఒకే చోట నిలబెట్టి
ఒకే ఎత్తులో బంతి విసిరి
వంద, నూటయాభై, రెండొందలు.
ఒక్కటీ కిందపడేది కాదు.
రేవులో బట్టలుతికేవాళ్ళు చేతులాపి చూసేవారు.
నోటుబుక్కులో టిక్కులు లెక్కెట్టుకుని
హాయిగా పడుకునేవాణ్ణి.

బరంపురం ఫైనల్లో
అవతలి పిల్ల సర్వీసు ఊగుతూ వచ్చింది,
ఎక్కడ వాలాలో తనకే తెలీనట్టు.
మా బినోదిని శబర చేతులు చాచింది
నేను నేర్పినట్టే, అచ్చం నేర్పినట్టే.
బంతికి మాత్రం నేనేమీ నేర్పలేదు.

తిరుగుబస్సులో ఎవరూ ఏడవలేదు.
కాశీనగరం దాటాక బినోదిని అడిగింది:
"మాస్టారూ, మీరెప్పుడూ అందేలాగే ఏస్తారేటి?"

ఇప్పుడు ఎటు విసురుతానో ముందుగా నాకూ తెలీదు.
ఒకసారి తడిపి, ఒకసారి గాలి తగ్గించి,
ఒకసారి పడమటి ఎండ కళ్ళల్లో గుచ్చుకునేలా.
కోర్టు సగానికి కుదించి
ముగ్గురి మీదికి ముగ్గుర్ని వదులుతాను.
హాస్టల్ వంటామె కూర్మమ్మ నూనెడబ్బా వాయిస్తుంది.
రేవులో ఈదే కుర్రాళ్ళు ఒడియాలో వెక్కిరిస్తారు,
వాళ్ళకి నేనే బఠానీలు కొనిచ్చి.
ఆట మొదలయ్యేది సున్నా దగ్గర కాదు,
ఇరవై మూడు – ఇరవై నాలుగు, మనమే వెనక.
ఆ ఒక్క పాయింటూ పోతే
వల విప్పి మడతపెట్టాలి.
మళ్ళీ రేపే.

హెడ్మాస్టరు పట్నాయక్ గారు గొడుగేసుకొచ్చి
కాసేపు చూసి
"ముందే బాగా ఆడేవారు కదా" అన్నారు.
నిజమే. బంతి ఇసకలోనే ఎక్కువసేపుంటోంది.
నోటుబుక్కులో ఖాళీగళ్ళు.
నోటిదాకా వచ్చిన సలహాని మింగి
చేతులు కట్టుకుని నిలబడటం
నా వంతు కసరత్తు, ఇంకా కుదరలేదు.

నిన్న సాయంత్రం ఏటిగాలి తిరిగింది.
బంతి సగం దారిలో మనసు మార్చుకుంది.
బినోదిని చేతులు చాచలేదు,
ముందు కాళ్ళు కదిపింది.
అప్పుడు చేతులు, తీరిగ్గా.
బంతి లేచింది.

ఎలా తెలిసిందని అడిగాను.
"ఆ గుంట భుజం చూశాను"
మోచేతి ఇసక దులుపుకుంటూ అంది.

భుజం సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

మూడో తాకుకి బంతి గీత బయట పడింది.
వల విప్పి మడతపెట్టాం.