ఏడో అంశం

సార్కివార బడి జిమ్ హాల్లో
బాస్కెట్‌బాల్ గీతల మీద వేసిన కుర్చీలు చాల్లేదు.
తడి బూట్ల వాసన. మరిగి మరిగి చేదెక్కిన కాఫీ.
ఎవరేమన్నారో అంతవరకే రాసుకోవడం నా పని.

ఏడో అంశం:
తెల్లబుగ్గల బాతుల్ని కాల్చేందుకు అనుమతి కోరడమా, వద్దా.

మొదట లేచింది వేయో కహోనెన్.
నలభై ఆవుల మనిషి, నాలుగు మాటల మనిషి.
ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు.
మట్టి, మట్టిలో గడ్డి మొదళ్లు,
గోటితో గిల్లుదామన్నా దొరకనంత పొట్టివి.
"ఇదీ నా మొదటి కోత" అన్నాడు. కూర్చున్నాడు.
నేను రాశాను: శ్రీ కహోనెన్ పంట నష్టాన్ని వివరించారు.

యొయెన్సూ నుంచి వచ్చిన ఇంకెరి
తెర మీద గీత చూపించింది,
కింద పాకుతూ పాకుతూ చివర్లో నిట్టనిలువుగా లేచిన గీత.
"మా అమ్మ చిన్నప్పుడు ఇవి కనిపిస్తే
దారిన పోయేవాళ్లను పిలిచి చూపించేవారట.
బతికించమని చట్టం రాసింది మనమే.
బతికాయి."
ఆ ఒక్క మాటకి ఆమె గొంతు కాస్త తడబడింది.
"తుపాకీ పేలితే లేస్తాయి. లేస్తే ఆకలేస్తుంది.
పక్క పొలంలో దిగి రెట్టింపు తింటాయి."

"ఆ పక్క పొలం నాదే" అన్నారెవరో వెనకనుంచి.
నవ్వులు. నవ్వని వరస ఒకటి.

వేటగాళ్ల సంఘం తరఫున ఆర్వి లేచాడు.
ఎన్నింటిని కాల్చాలో చెప్పాడు, ఏ నెలలో, ఏ గుండుతో.
"కాల్చినవాటిని వండుకుంటారా?" అడిగింది
ముందు వరసలోని ముసలమ్మ, అల్లిక ఆపకుండానే.
ఆర్వి కాగితాలు తిరగేశాడు.
ఆ కాగితాల్లో వంట లేదు.

అప్పుడు అధ్యక్షురాలు, వాతావరణం తేలికపరుద్దామని కాబోలు,
వేయో కూతుర్ని పిలిచింది.
సైమీకి తొమ్మిదేళ్లు. గంటకి నాలుగు యూరోలు.
పసుపు రెయిన్‌కోటు వేసుకుని
చేతులు బారచాపి కేకలేస్తూ పొలంలో పరుగెత్తడం ఉద్యోగం.
"మొదట్లో భయపడేవి" అంది.
"ఇప్పుడు నన్ను గుర్తుపడుతున్నాయి.
దారిచ్చి, మళ్లీ తింటాయి."
ఇది ఏ పక్షం వాదన కిందికి వస్తుందో
తేల్చుకోలేక ఖాళీ వదిలాను.

బాతులెన్ని అన్నప్పుడు మళ్లీ గొడవ.
ఇంకెరి లెక్క ఒకటి, ఆర్వి లెక్క ఇంకొకటి,
రెండింటి మధ్యా తేడానే ఒక పెద్ద మంద.
చాలు, చేతులెత్తండి అంది అధ్యక్షురాలు.

లెక్కపెట్టాను. అనుమతి కావాలనేవి నలభై ఒకటి.
సరిచూడమన్నారు. నలభై మూడు.
మూడోసారి ముప్పై తొమ్మిది.
ఒకాయన తల గోక్కుంటున్నాడు,
ఒకావిడ సగం ఎత్తి దించింది,
దించి మళ్లీ ఎత్తింది.
కప్పు కింద, దీపాల వెలుగులో,
రెక్కల్లేని ఎనభై మందిమి.
నాకూ ఓటుంది ఈ ఊళ్లో.
ఎత్తాల్సిన చేతిలో పెన్ను ఉంది.
ఆ మాట చెప్పి తప్పించుకున్నాను, నాకు నేనే.

ఏడో అంశం వాయిదా.

అందరూ కుర్చీలు మడుస్తుంటే
వేయో బల్ల మీది మట్టిని
అరచేత్తో అంచుదాకా తోసి
మళ్లీ సంచిలోకి ఎత్తుకున్నాడు, పొడి మిగలకుండా.
ఊడ్చేస్తాంలే అన్నా వినలేదు.

బయట రాత్రి పదిన్నర, ఇంకా వెలుతురు.
సరస్సు మీదినుంచి దూరపు కుక్కల మొరుగులాంటి చప్పుడు
దగ్గరయి, తలల మీదికొచ్చి,
మాటలు మింగేసింది.
కారు తలుపు పట్టుకుని ఆర్వి ఆగిపోయాడు.
ఇంకెరి పెదాలు కదులుతున్నాయి, పదులు పదులుగా.
వేయో భుజం మీద సైమీ నిద్రపోతోంది,
రెయిన్‌కోటు విప్పలేదు.
కళ్లు మూసుకునే రెండు చేతులూ బారచాపింది.
వేయో సంచి కింద పెట్టి
ఆ చేతుల్ని ఒక్కొక్కటే మడిచి
కోటు జేబుల్లో పెట్టాడు.